అమ్మ శ్రుతికి దించిన గిటార్

మా దేవేంద్ర నగర్ ఇంటి పక్కవాటాలో కొత్తగా దిగిన కోడలుపిల్ల సాయంత్రాలు గిటార్ నేర్చుకుంటోంది. మొన్న చూద్దును కదా, తీగలు సరిచేయడానికి చెవితో పనే పెట్టుకోకుండా, అరచేతిలో పట్టే పెట్టె ఒకటి ముందు పెట్టుకుని, అందులో పచ్చదీపం వెలిగేదాకా మరలు తిప్పి, అయిపోయిందన్నట్టు నవ్వింది. అంత సులువుగా అయిపోవడం చూసి నాకెందుకో ఒళ్లంతా చిరచిరలాడింది. కుదురన్నది నాకు పుట్టుకతోనే లేదని మావాళ్లంతా అంటారు గానీ, ఆ రోజు నుంచి మరీ కాలు నిలవడం లేదు.

మా నాన్న రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరు. అప్పట్లో మా కాపురం ఈ హిందీ ఊళ్లోనే, ఆ షాపువాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. శ్రీకాకుళం వైపు నుంచి అమ్మను తీసుకుని వచ్చిన కొత్తలో, బదిలీ మీద వెళ్లిపోతున్న గార్డు ఒకాయన తన గిటార్‌ను నాన్నకిచ్చి వెళ్లాడట. అమ్మది బరువైన, కిందిస్థాయి గొంతు. అందుకని నాన్న గిటార్‌ను అమ్మ పాడే చోటికి, అంటే అందరూ పెట్టే శ్రుతికి దాదాపు రెండు మెట్లు కిందికి దించి, నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంచేశారు. ఏళ్ల తరబడి వదులు తీగల కింద ఉండి ఉండి ఆ చెక్కకే అదొక స్వభావం అయిపోయింది కాబోలు, మీటితే పక్కగదిలో పెద్దవాళ్లు నెమ్మదిగా మాట్లాడుకుంటున్నట్టుండేది. శ్రీరామనవమి పందిట్లో అమ్మ పాట, నాన్న గిటార్ లేకపోతే మా తెలుగువాళ్లకి పండగ అయినట్టే ఉండేది కాదు.

నాకు పెళ్లీడు వస్తున్న రోజుల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా కడుతున్నారని తెలిసి, నాన్న దగ్గర నేర్చిన గిటార్‌తో అందులో చోటు దొరక్కపోతే బతుకే వృథా అన్నంత పట్టుదల పట్టాను. హార్మోనియం వాయించే పెద్దాయన, నీ గిటార్ నా పెట్టె శ్రుతికి వస్తే రా, లేకపోతే లేదన్నారు. హార్మోనియం దిగిరాదు కదా, మాదే పైకెక్కాలి. నాన్న అమ్మవైపు చూశారు. అమ్మ బియ్యం ఏరుతూనే, "పెంచీయండి, పిల్ల ఆశపడతంది. నా పాటకేటి, ఎక్కడైనా సర్దుకుంతాది" అంది.

"జల్దీ చెయ్యకు తల్లీ, ఇన్నేళ్లు దించి ఉంచినాం, కర్రకి కూడా ఆదత్ అవ్వాల, అలవాటు పడాల" అని నాన్న రోజుకింత చొప్పున బిగించారు. బిగించిన తీగ తెల్లారేసరికి మళ్లీ జారి ఉండేది. నేను కాలుకాలిన పిల్లిలా వసారాలోంచి గదిలోకీ, గదిలోంచి వసారాలోకీ తిరుగుతూ, తాకొద్దన్నా తాకి, ఇంకా ఎందుకు నిలవదని చెక్కమీద కోపగించుకునేదాన్ని. చివరికి నిలిచింది. నిలిచేసరికి ఆ లాగుడుకి మెడ కాస్త వంగి, తీగలు ఎత్తుగా లేచి, నొక్కితే వేళ్లు కోసుకుపోయాయి. పొద్దస్తమానం ఇనుము రాకే మనిషి నాన్న, ఏ చిక్కుకైనా ఆయనకు తోచే మందు ఆకురాయే. తీగల కింద ఉండే ఎముక పట్టీని తీసి, నాకు నొప్పి తగ్గేదాకా రాకేశారు.

ఉత్సవంనాడు ఆ గిటార్ మోగిన తీరు మాదేనా అనిపించింది. గంజిపెట్టిన చీరలా బిర్రుగా, చురుగ్గా పలికింది. నాకు ఆర్కెస్ట్రాలో చోటు స్థిరమైంది. ఇంటికి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో తెలియదు.

తరువాత నవమి వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే కొంగు సర్దుకుని పాట ఎత్తుకుంది, పైచరణం దగ్గర గొంతు అందక చీలిపోయింది. నాన్న గబగబా అక్కడే తీగలు దించారు. పట్టీ అరిగిపోయి ఉంది కదా, వదులైన తీగలు మెడమీది మెట్లకి కొట్టుకుని గరగరలాడాయి. పందిట్లో అందరూ చూస్తున్నారు. అమ్మ నవ్వేసి, "నాను తాళం ఏసుకుంతాన్లెండి" అని పక్కావిడ చేతిలో తాళాలు అందుకుంది. ఆ ఏడాదికే అనుకున్నాం. ఆ తరువాత ఆమె తాళాలు వదల్లేదు. నాన్న పట్టీ కింద పోస్టుకార్డు ముక్కలు మడిచి పెట్టి చూశారు, అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా పలికితే మళ్లీ పైకే బిగించేశారు. నాకైతే అమ్మ అంత తేలిగ్గా తప్పుకున్నందుకు ఆమె మీదే కోపం వచ్చింది. ఆ కోపం చాలా ఏళ్లు ఉంది, ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అమ్మా నాన్నా ఇద్దరూ కాలం చేశారు. ఆ పచ్చదీపం చూశాక, గోడకున్న గిటార్‌ను దించి, బజారులో కొత్త ఎముక పట్టీ ఎత్తుగా వేయించి, అమ్మ గొంతును గుర్తుచేసుకుంటూ తీగలు వదులు చేశాను. చిత్రం ఏమంటే, ఇన్నేళ్లూ పైన ఉన్న అలవాటుకి, దించిన తీగలు తెల్లారేసరికి కాస్త పైకెక్కి కూర్చుంటున్నాయి. నేను మళ్లీ దించుతాను. మళ్లీ వెళ్లి చూస్తాను. పొయ్యిమీద పాలు పెట్టి కూడా వెళ్లి చూస్తాను.

కోడలుపిల్ల ముచ్చటపడి తన పెట్టె తెచ్చి దీని ముందు పెట్టింది. దీపం వెలగలేదు. ఇది తప్పు శ్రుతి ఆంటీ అంది పాపం. ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ అన్ని వాయిద్యాలూ ఒకే చోట నిలుస్తాయి, మంచిదే, ఎవరితో ఎవరైనా కలిసి వాయించుకోవచ్చు. ఒక మనిషి గొంతు ఎంతవరకు పోతుందో చూసుకుని వాయిద్యాన్ని అక్కడికి దించే ఇళ్లు మాత్రం నాకు కనబడటం లేదు.

నిన్న సాయంత్రం తీగలు దిగినచోట నిలిచాయి. అమ్మ పాట ఎత్తుకునే ముందు నాన్న మీటే నాలుగు మీట్లూ మీటి, ఆమె అందుకోవడానికి ఎంతసేపు ఆగేవారో, అంతసేపూ కదలకుండా కూర్చున్నాను.