జేబు పిస్తోళ్ల మిస్త్రీ

మొన్న మంగళవారం మానుకోట నుంచి మిస్త్రీ కొడుకు ఫోన్ చేశాడు. "సార్, బాపు పోయిండు. దవాఖానకు తీస్కపోయేంత టైం గుడ ఇయ్యలే. చాయ్ తాగిండు, పక్కకు ఒరిగిండు, గంతే" అన్నాడు. తొంభై దాటిన మనిషి. నాకు ఏడుపు రాలేదు. ఆయన ఏం పని చేసేవాడో తెలిసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన తుపాకులు బాగుచేసేవాడు. అందులోనూ జేబు పిస్తోళ్లు. బెల్జియంలోనో జర్మనీలోనో తయారై, నిజాం కాలంలో హైదరాబాదు దుకాణాల మీదుగా మా వైపు దొరల ఇళ్లకు చేరినవి. అరచేతిలో ఇమిడిపోతాయి. తూటా చిటికెన వేలి కొసంత ఉంటుంది. వాటితో ఎవరైనా ఎవరినైనా కాల్చినట్టు నేనైతే వినలేదు. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు లాల్చీ జేబు కాస్త బరువుగా కనిపించాలి, అంతే వాటి ఉద్యోగం. నేను మానుకోట తాలూకా ఆఫీసులో ఆయుధాల లైసెన్సులు చూసే గుమాస్తాని. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ పిస్తోలు మొరాయించినా మా ఆఫీసుకు ఎదురుగా ఉన్న ఆయన రేకుల కొట్టుకే వచ్చేది.

దసరా మర్నాటి నుంచి ఆయనకు చేతినిండా పని. ఆయుధ పూజ కదా! దొరసానులు పిస్తోలుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఇంత కొబ్బరి నీళ్లు చల్లి, అలాగే గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసేవారు. ఏడాదికేడాది ఆ కుంకుమ లోపలికి దిగి గట్టిపడి, కదలాల్సినవన్నీ బిగదీసేది. మిస్త్రీ వెదురు పుల్లతో గీకి గీకి తీసేవాడు. ఒకసారి తొర్రూరు దిక్కు దొర ఒకాయనతో నా ముందే అన్నాడు. "దొరా, బొట్టు కత్తికి పెట్టుర్రి, నాగలికి పెట్టుర్రి. గీ బెల్జియం దానికి కుంకుమ పడదు."

దొర నవ్వాడు. "నాకెర్కలేదా ఏంది? పోయి మీ దొరసానికి నువ్వే చెప్పు."

అబ్బో, ఆ ధైర్యం మిస్త్రీకీ లేదు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో మా దగ్గర ఆయుధాలన్నీ ఠాణాలో జమ చేయించారు. వానాకాలమంతా అక్కడే పడి ఉండి, తిరిగొచ్చేసరికి సగం తుప్పు పట్టాయి. తూటాలు రావడం మానేశాయి. లోపల తూటాను కొట్టే సూది విరిగితే కొత్త సూది దొరకదు. పాడైపోయిన ఒకదాని పొట్ట విప్పి అందులోది తీసి ఇంకొకదానికి వేయాల్సిందే. "ఒకటి బతకాలంటే ఇంకోటి సావాలె సార్. గిట్ల చేసుకుంట పోతే ఆఖరికి ఒక్కటే మిగులుతది" అనేవాడు. దాని మీద బెంగ పెట్టుకున్నట్టు కూడా కనిపించేవాడు కాదు. లెక్క చెప్పినట్టు చెప్పేవాడు.

ఎనభైలలో అడవి దిక్కు పరిస్థితులు మారాయి. తుపాకుల కోసం రాత్రిపూట అన్నలు తలుపు తడతారన్న భయంతో దొరలు పిస్తోళ్లు తెచ్చి ఠాణాలో అప్పగించి, పట్నం వెళ్లిపోయారు. మళ్లీ ఎవరూ వాటి మొహం చూడలేదు. కొన్నేళ్లకు పైనుంచి ఆర్డరు వచ్చింది. పనిచేసేవి జిల్లాకు పంపాలి, పనిచేయనివి కోసి తుక్కు చేయాలి. లిస్టు రాసింది నేనే. ఠాణా నుంచి తెప్పించి, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని పై భాగం లాగి చూశాను. కదిలితే 'పనిచేస్తుంది', కదలకపోతే 'పనిచేయదు'. నాకు తెలిసిన పరీక్ష అంతే! జిల్లా నుంచి రావలసినవాడు రాకపోయేసరికి, కోయడానికి మిస్త్రీనే పిలిపించారు.

ఆఫీసు వరండాలో బల్లకు వైసు అనే ఇనుప పట్టు బిగించి పని మొదలుపెట్టాడు. నాలుగైదు కోశాడు. తర్వాత ఒక చిన్న పిస్తోలు తీసి వెలుతురుకు తిప్పి చూసి ఆగిపోయాడు. "సార్, గిది నాకు పని నేర్పిన మా ఉస్తాద్ స్ప్రింగేసిన పిస్తోలు. నేను పక్కన కూసోని చూసిన. గిది సావలే సార్, కుంకుమ పట్టింది. జర ఆగుర్రి."

"లిస్టు మీద తహశీల్దారు సంతకం అయిపోయింది మిస్త్రీ. జిల్లాకు కాపీ కూడా పోయింది" అన్నాను.

"ఒక్క అరగంట."

పేపరు పరిచి మొత్తం విప్పాడు. పుల్లతో గీకాడు, కిరసనాయిలులో కడిగాడు, తుడిచాడు, మళ్లీ బిగించాడు. పై భాగం వెనక్కి లాగి వదిలితే టక్కున వెళ్లి కూర్చుంది. ట్రిగ్గర్ నొక్కాడు. లోపల సూది కొట్టిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. "ఇగ చూడుర్రి" అని నా చేతికిచ్చాడు. నేనూ లాగి చూశాను. కదిలింది.

ఒక్క గీత కొట్టి ఒక్క మాట మారిస్తే సరిపోయేది. కానీ ఆయుధం సంగతి. ముందు చూడకుండా ఎందుకు రాశావని అడుగుతారు. సంజాయిషీ ఇవ్వాలి. ఆ సంవత్సరమే నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. నాకు సిగ్గేసింది. అయినా పిస్తోలు ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాను.

"లిస్టుల ఏం రాసి ఉన్నది సార్?" అని అడిగాడు.

"పనిచేయదు అని."

కోపం లేదు ఆ మొహంలో. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. పిస్తోలును వైసులో పెట్టి, నిదానంగా బిగించాడు.

"అయితే ఇగ ఫికర్ లేదు సార్. మీరు రాసింది ఇప్పుడు నిజమైతది" అని రంపం అందుకున్నాడు.

ఇనుప రజను సన్నగా పేపరు మీద రాలుతుంటే, పక్కన కూర్చుని నేను లిస్టు రెండో కాపీ మీద సంతకం చేశాను.