నల్ల కిమోనో మడతలు

మొన్న రెజైనాలో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. పక్కనున్నావిడ కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే కొత్త పట్టు గరగరలాడింది. అందరూ వ్రతకథ వింటున్నారు. నాకు మాత్రం బర్నబీలో ఒక చిన్న గది, నేల మీద పరిచిన తెల్ల కాగితం, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మిచికో గారు కనిపించారు. ఫోన్ వచ్చిందని అబద్ధమాడి బయటికి వచ్చేశాను.

నేను చదువుకని ఈ దేశం వచ్చిన ఏడాది మనవాళ్ళు విమానాల నిండా దిగారు. గదులు దొరికేవి కావు. ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం, పరుపులు మూడే. నేను పార్ట్‌టైమ్ చేసే సరుకుల దుకాణానికి మిచికో గారు వారం వారం వచ్చేవారు. ఎనభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకుని జపాన్ నుంచి వచ్చారు, భర్త పోయాక ఇంట్లో ఒక్కరే. నేను సంచిలో సరుకులు సర్దే తీరు చూసి, తన బేస్‌మెంట్‌లో గది ఖాళీగా ఉందని, చేతులు చక్కగా పనిచేసే అమ్మాయి కావాలని, వస్తావా అని అడిగారు. ఆవిడ కూతురు కేరన్‌కు ఇది బొత్తిగా ఇష్టం లేదు. ఇంట్లో ఏది పాడైనా నేను ఖాళీ చేయాల్సిందేనని మొదటిరోజే నా ముఖం మీద చెప్పింది. నేను తలూపాను. ఊపక ఏం చేస్తాను? ఆ మూడు పరుపుల గదికి తిరిగి వెళ్ళడమనే ఊహకే ఏడుపొచ్చేది.

చేతుల అవసరం ఎందుకో తర్వాత తెలిసింది. వసంతంలో ఆవిడ మనవరాలి, అంటే కేరన్ కూతురి, పెళ్ళి. జపాన్‌వాళ్ళ పెళ్ళిళ్ళలో దగ్గరి బంధువుల్లో పెళ్ళైన ఆడవాళ్ళు నల్ల కిమోనో కట్టుకుంటారట. ఆవిడ కిమోనో వాళ్ళమ్మ స్వయంగా కుట్టింది. ఒళ్ళంతా నలుపు, పాదాల దగ్గర మాత్రం బంగారు రేకుతో అలలు. కానీ కీళ్ళనొప్పులతో ఆవిడ చేతులు వీపు వెనక్కి పోవు. ఎవరో ఒకరు కట్టాలి. కేరన్‌కు రాదు, నేర్చుకునే ఓపికా లేదు.

అలా చలికాలమంతా నాకు పాఠాలు జరిగాయి. ముందు ఆవిడ నడుము చుట్టూ తువ్వాళ్ళు చుట్టాలి, మనిషి కింది నుంచి పైదాకా ఒకే తీరుగా కనబడాలి. నాకు నవ్వొచ్చింది. మా చీరకు నడుమే అందమన్నాను. "మీ చీర నడుమును చూపిస్తుంది, ఇది దాస్తుంది. దాచడం కష్టం, అందుకే నీకు ఇన్ని రోజులు పడుతోంది" అన్నారు. ఎడమ అంచు ఎప్పుడూ పైకే రావాలి, కుడి అంచు పైకొస్తే చనిపోయినవాళ్ళకు కట్టినట్టు. ఆ మాట విన్నాక ప్రతిసారీ అంచులు రెండుసార్లు చూసుకునేదాన్ని. పొడవు ఎక్కువైనదాన్ని నడుము దగ్గర మడిచి, తాడు బిగించి, పైన ఓబీ అనే వెడల్పాటి పట్టీ చుట్టాలి. ఓబీ ముడి వదులైతే ఆవిడ విప్పించి మళ్ళీ మొదటినుంచి కట్టించేవారు. అంతవరకు ఏ పనైనా అయిందనిపించుకునే రకాన్ని నేను. చేసింది విప్పి మళ్ళీ చేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఎడమా కుడీ తప్పు నేను ఒక్కసారి కూడా చేయలేదు. చేసింది వేరే తప్పు. ఫిబ్రవరిలో ఆవిడ మెట్ల మీద మంచుకు జారిపడి ఆరు వారాలు ఆస్పత్రిలో ఉండిపోయారు. ఆ మొదటి వారంలోనే అమ్మ వరంగల్ నుంచి ఫోన్ చేసి నా పట్టుచీర సంగతి అడిగింది. "ఒక్కతీరుగ ఉంచితే మడతకాడ చిరుగుతది బిడ్డా. మడత మార్చి పెట్టు" అంది. నా చీర మడత మార్చాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. పైకి వెళ్ళి, ఆవిడ రాలేరు కదా, ఈ పుణ్యం నేనే చేద్దామని నల్ల కిమోనో తీసి, చీరలాగే అడ్డంగా మడతలు మార్చి, సొరుగులో అన్నిటికన్నా అడుగున పెట్టాను. ఎంత మంచిపని చేశానో అని మురిసిపోయాను కూడా.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఆవిడ కిమోనో చుట్టిన తెల్ల కాగితం విప్పారు. బంగారు అలల మీద ఈ చివరినుంచి ఆ చివరికి మడత పడి, దాని వెంట రేకు పగిలి రాలింది. ఆవిడ వేలితో ఆ గీతను తడిమారు. ఎందుకు మడిచావని అడిగితే అమ్మ చెప్పిన మాట చెప్పాను.

"మీ అమ్మ చెప్పింది నిజమే" అన్నారు. "మీ చీరకు కుట్టు లేదు, ఎక్కడైనా మడవచ్చు. దీనికి కుట్లున్నాయి. కుట్టు ఎక్కడుంటే అక్కడే మడవాలి."

కేరన్‌తో నేనే చెప్పేస్తానన్నాను. ఆవిడ వద్దన్నారు. "చెబితే నువ్వెక్కడ ఉంటావు? కట్టుకుంటే తను చూస్తుంది, చూస్తే అడుగుతుంది. చేతులు నొప్పిగా ఉన్నాయి, కట్టుకోలేనంటాను."

చెప్పేస్తానని నేను ఇంకోసారి అనలేదు. అనాల్సింది. నా గది నాకుంటుందన్న ఊరట ముందు నాకు మరేదీ కనిపించలేదు. పెళ్ళిరోజు ఆవిడ బూడిదరంగు సూట్ వేసుకుని కారెక్కారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

తర్వాతి ఏడాది నాకు రెజైనాలో ఉద్యోగం వచ్చింది. ఆ మరుసటి చలికాలం ఆవిడ పోయారని కేరన్ మెసేజ్ పెట్టింది. అంత్యక్రియలకు వెళ్ళాను. అక్కడ ఒక బల్ల మీద ఫొటోలు పెట్టారు. తన పెళ్ళి ఫొటో ముందు మనవరాలు నిలబడి ఉంది. నేను ఎవరో చెప్పుకున్నాను. ఆ అమ్మాయి ఫొటో మీంచి చూపు తిప్పకుండానే అంది: "అమ్మమ్మ ఆ నల్ల కిమోనో మా అమ్మ పెళ్ళికి కట్టుకుంది. మామయ్య పెళ్ళికి కట్టుకుంది. నా పెళ్ళికి మాత్రం చేతులు నొప్పని కట్టుకోలేదు. నా భర్త ఆమెకు నచ్చలేదని అర్థమైంది."

జరిగింది మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. పెళ్ళయ్యాక అమ్మమ్మ ఇంటి గడప తొక్కలేదని మాత్రం మెల్లగా చెప్పింది.

అది నాకు తెలుసు. పెళ్ళి తర్వాత ఆ ఏడాదంతా ఆదివారాలు మిచికో గారు, మనవరాలు వస్తుందేమోనని ఇద్దరికి వండి, ఫోన్ వైపు చూస్తూ కూర్చునేవారు. ముసలామెను ఎంత తేలిగ్గా మరిచిపోయారని ఆ మనవరాలిని మనసులో తిట్టుకునేదాన్ని. జాలిపడి పైకి వెళ్ళి, ఆ అమ్మాయి కోసం వడ్డించిన కంచం ముందు కూర్చుని తినేదాన్ని.