సార్ కంట్లో కారం

బాలల రక్షణ కమిటీలో ఒక తల్లి ఉండాలని రూలట. మొగుడున్న ఆడాళ్లను వేస్తే మొగుళ్లే వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. నా మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది, వాడెలాగూ రాడు. బతికున్నప్పుడే ఏ పనికి పిలిచినా వచ్చేవాడు కాదు. అలా నేను మెంబరునయ్యాను.

కమిటీ పని తేలికే. మూడు నెలలకోసారి ఆడపిల్లల హాస్టలుకు వెళ్లాలి, టీ తాగాలి. పిల్లలంతా క్షేమం అని మండలం సారు రిజిస్టర్లో రాస్తే కింద సంతకం పెట్టాలి. నాకు వచ్చిన అక్షరాలన్నీ నా పేరులోవే. కోడి బురదలో నడిచినట్టు ఉంటుంది నా సంతకం. అయినా మెంబర్లందరూ పెట్టందే ఆ కాగితం చెల్లదు. హాస్టల్లో ఫిర్యాదుల పెట్టె కూడా ఉంది. గోడకు ఎంత ఎత్తున కొట్టారంటే, అందులో చీటీ వేయాలంటే పిల్ల ముందు నిచ్చెన కోసం ఫిర్యాదు చేసుకోవాలి.

నా అసలు పని పేట రోడ్డు మీది మిర్చి కల్లంలో తొడిమలు తీయడం. పొద్దు గూకేసరికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. సబ్బుకు పోదు. కొబ్బరినూనె రాసుకుని ఊదుకుంటూ కూర్చోవాలి. నా పక్కన కూర్చునే ఆవిడ ఒంగోలు అవతల నుంచి కాయ కోతలకు వచ్చిన మనిషి. ఊరూరా వెంట తిప్పితే చదువు పోతుందని తన పదేళ్ల పిల్లను ఆ హాస్టల్లో చేర్చింది. చేర్చిన రోజున నాతో ఒకటే మాట అంది.

"అక్కా, దాని చేతులు మన చేతుల్లాగా కాకపోతే చాలు."

ఈసారి తనిఖీ సోమవారం అన్నారు. ఆ సోమవారమే వినుకొండలో సారు మేనల్లుడి పెళ్లి. అందుకని ఆదివారం మధ్యాహ్నమే జీపులో దిగి మమ్మల్నందరినీ పోగేశాడు. మేం వెళ్లేసరికి వార్డెన్ లేదు. వంటమనిషి మాకు టీ మీద టీ పోసింది. మూడో టీకి వెనక గేటు దగ్గర ఆటో ఆగింది. మొహాలకు పౌడరు పూసిన ఆరుగురు పిల్లల్ని తోలుకుని వార్డెన్ లోపలికొచ్చింది. చర్చికి తీసుకెళ్లానంది. చర్చికి నేనూ వెళ్తాను, ఆ పొద్దునే వెళ్లొచ్చాను. ఏ పాస్టరూ పిల్లల జడల్లో మిరప గింజలు చల్లి దీవించడు.

ఆ ఆరుగురిలో కల్లంలో నా పక్కన కూర్చునే ఆవిడ పిల్ల ఉంది. సారు వరసగా నిలబెట్టి ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగితే, అందరూ ఎక్కం అప్పజెప్పినట్టు లేవు సార్ అన్నారు. తర్వాత ఫోటో. చిన్నపిల్ల పక్కనుంటే బాగుంటుందని ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయాడు. అది వెనక్కి లాక్కుంది. వార్డెన్ చూసిన చూపుకు మళ్లీ ఇచ్చింది. సారు దాని చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. ఫోటో అయ్యాక ఉక్కపోతకు మొహం తుడుచుకున్నాడు.

ముందు ఒక కన్ను మూసుకుంది, ఆ తర్వాత రెండోది. జీపు దుమ్ము అన్నాడు. వార్డెన్ చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లకు కారం పోదని ఆ గదిలో తెలియనిది ఆయనొక్కడికే. రెండు చెంబులయ్యేదాకా నేనేమీ చెప్పలేదు.

ఈలోగా పిల్ల వేలు నా నాలుకకు ఆనించుకున్నాను. తేజా రకం మిరపకాయ. నిన్నటిది కూడా కాదు, ఆ పొద్దుటిది.

"ఎవరి కల్లమే?" అని మెల్లగా అడిగాను.

"వార్డెనమ్మ వాళ్ల అన్నయ్యది పెద్దమ్మా. ఆదివారం ఆదివారం పోతాం. చెబితే ఇంటికి పంపించేస్తానంది."

నేనూ దాని తల్లీ కూర్చునే కల్లమే అది. సోమవారం వెళ్లేసరికి తొడిమలు తీసిన కుప్ప సిద్ధంగా కనపడేది. ఎవరో పుణ్యాత్ములు మన పని తగ్గించారని నవ్వుకునేవాళ్లం. కన్నబిడ్డ తీసిన కుప్పకు ఆనుకుని ఆ తల్లి అన్నం తింది.

సారు ఒంటి కన్నుతోనే అంతా క్షేమం అని రాసేసి పెన్ను నాకిచ్చాడు. పెళ్లికి బట్టలు కొనాలట, త్వరగా పెట్టమన్నాడు.

"నాకు చదవడం రాదు సార్. మీ కంట్లో ఉన్నది రాయండి, పెడతాను."

"నీకు పని ఇస్తున్నదెవరో గుర్తుందా?" అంది వార్డెన్.

"గుర్తుందమ్మా. ఈ పిల్లకు ఇస్తున్నదీ ఆయనే."

మిగతా మెంబర్లు గోడ మీది క్యాలెండరు కేసి చూస్తున్నారు. సారు కాసేపు నన్ను చూశాడు, చూడగలిగినంత. నా కోడి అడుగులు పడకపోతే పెళ్లి బట్టలు లేవు. చివరికి రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. ఈ ఆరుగురినీ ఇంటికి పంపకూడదని కూడా రాయించి, పక్క మెంబరు చేత రెండుసార్లు చదివించుకుని అప్పుడు పెట్టాను.

వార్డెన్‌ను ఇంకో హాస్టలుకు మార్చారు. అక్కడా మిరప పండుతుంది మరి. ఆ కల్లంలో నాకు పని పోయింది, ఇప్పుడు పత్తి తీతకు వెళ్తున్నాను. పిల్ల తల్లికి జరిగిందంతా చెప్పాను. మర్నాటి నుంచి తనూ ఆ కల్లానికి వెళ్లలేదు.

మొన్న మళ్లీ తనిఖీకి వెళ్తే, అడక్కముందే ఆ పిల్ల వచ్చి వేలు చాపింది. నాలుకకు ఆనించుకున్నాను. పెన్ను సిరా, కాస్త సాంబారు. మీరూ చూస్తారా సార్ అంటే, ఆయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.