"నిండుకుంది" అన్న ప్రోగ్రామ్

మొన్న ఆకివీడులో ఓ చేపల వ్యాపారి ఆఫీసుకి వెళ్ళి ఏసీ గది తలుపు తీయగానే చల్లటి తివాచీ వాసన తగిలింది. నాకు తెలియకుండానే చెప్పులు బయట విడిచేశాను. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు. కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదని నాకు అలవాటు చేసింది సువార్త మేడమ్.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తాడేపల్లిగూడెంలో, మందుల షాపు మేడమీద ఓ చిన్న సెంటర్లో ఆవిడ సి లాంగ్వేజి చెప్పేవారు. నేను ఉంగుటూరు నుంచి బస్సులో వచ్చేవాణ్ణి, ఎప్పుడూ ఆలస్యంగానే. ఓసారి కొల్లేరు కొంగలు రోడ్డుకి అడ్డంగా నిలబడి బస్సు ఆపేశాయని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "కండక్టరు వాటికి టిక్కెట్లు కొట్టాడాండీ?" అన్నారు. ఆనాటి నుంచీ నన్ను కథలుగారూ అనే పిలిచేవారు.

ఏలూరులో ఒక కాలేజీవాళ్ళు ప్రోగ్రామింగ్ పోటీ పెడితే మేడమ్ నా పేరిచ్చారు. సెంటర్ ఓనరు వద్దంటే వద్దన్నాడు. ఆ కోతలరాయుడు వెళ్ళి సెంటర్ పరువు తీస్తాడన్నాడు. తీస్తే నా పరువేనండి అని ఆవిడ మెల్లగా అనడం మెట్ల మీద నా చెవిన పడింది. ఇక నాకు అన్నం సయించలేదు.

సాధనకి ఆవిడిచ్చిన లెక్క చిన్నదే. వరసగా కొన్ని అంకెలుంటాయి, దాన్ని ఆర్రే అంటారు. అడిగిన అంకె అందులో ఎక్కడుందో చెప్పాలి, లేకపోతే లేదనాలి. మాది కిరాణా కొట్టు. బియ్యం అయిపోయినా పప్పు అయిపోయినా నిండుకుందంటారే తప్ప, లేదన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. నా వేళ్ళకీ రాలేదు. మేడమ్ ఆ వరసలో లేని అంకె కొట్టేసరికి ఇంగ్లీషు అక్షరాల్లో "నిండుకుంది" అని తెర మీద పడింది. ఆవిడ కుర్చీ పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక గొంతు మారింది.

"చివరిదాకా వెతికారు కదండీ, ఇంక లేదనడానికి సిగ్గెందుకు? వెతక్కుండా అంటే తప్పుగానీ."

ఏలూరు పోటీలోనూ మొదట వెతుకులాటే ఇచ్చారు. లేని అంకె అడిగేసరికి కొందరి ప్రోగ్రాములు నోరెత్తలేదు, కొన్ని అంకె అంకెకీ లేదు లేదని వల్లించాయి. నాది చివరిదాకా వెళ్ళి, ఒక్కసారే లేదని చెప్పి ఆగింది. పరీక్షించే మాస్టారికి నమ్మకం కుదరలేదు. అంతకుముందే టీ దగ్గర ఆయనకి కొల్లేరు కొర్రమేనొకటి లారీని లాక్కుపోయిన సంగతి చెప్పి ఉన్నాను మరి. సొంతంగానే రాశాడా అని గుమ్మం దగ్గరున్న మేడమ్‌ని అడిగారు. ఆవిడ నావైపు చెయ్యి చూపించారు.

"ఈయన చెప్పేది నేనొక్కటీ నమ్మనండి. రాసింది మాత్రం నమ్ముతాను."

మొదటి బహుమతి నాకే ఇచ్చారు. తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, గూడెం వచ్చేదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు నా బతుకుతెరువు ప్రోగ్రాములే. కుర్రవాళ్ళు ఏది రాసి తెచ్చినా ముందు అందులో లేనిదాన్నే అడిగి చూస్తాను. కథలు మానలేదు. ఈ ఏలూరు సంగతి మాత్రం ఎవరడిగినా జరిగింది జరిగినట్టే చెబుతాను. గుమ్మం దగ్గర ఆవిడన్న ఆ మాటకి ఇంకాస్త కలుపుదామని ఇన్నేళ్ళూ వెతికాను. ఏదీ దొరకలేదు.