పరుపుల గోడల వంటిల్లు

"మంచాన్ని కొలిచి పరుపు కుడతారనుకుంటున్నావు కదూ? అట్టా కుట్టేవాళ్ళు పేటలో బోలెడుమంది ఉన్నారు. మేం మనిషిని కొలుస్తాం నాయనా. బోర్లా పడుకుంటాడా, ముడుచుకుంటాడా, కాళ్ళు బార్లా చాపుతాడా... అది చూడందే మా ఆయన సూది ముట్టడు."

ఈ మాటలంటూనే ఖాదర్‌బీ ఒక పరుపును చుట్ట చుట్టి, పెరట్లో సున్నంతో గీసిన గీత మీద నిలబెట్టింది.

"మరి వంటింటికి మాత్రం టేపు ఒక్కటే సరిపోద్దా? అందులో తిరిగేది మనుషులు కాదా?"

మార్టూరుకు కాస్త ఇవతల ఊరు. తాతల నాటి నుంచీ దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది. నేను నా పాత పరుపు విప్పి ఏకించి, మళ్ళీ కుట్టించుకుందామని వెళ్ళాను. ఆవిడ భర్త బుడాన్ వేపచెట్టు కింద ఆ పనిలోనే ఉన్నాడు. నన్ను ఖాళీగా కూర్చోనివ్వడం ఇష్టంలేక ఖాదర్‌బీ నాచేత కూడా ఒక చుట్ట మోయించింది.

ఆ ఇంట్లో వంటిల్లు బల్లి పాకినంత సన్నం. ఒకరు లోపలికి వెళ్ళాలంటే ఇంకొకరు బయటికి రావాలి. పెద్దకోడలు సిద్దికా ఒక్కతే ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది తెలియలేదు. చిన్నకోడలు నజ్మీన్ వచ్చాక పొద్దున్నే గిన్నెల చప్పుడుకు తోడు మాటల చప్పుడు మొదలైంది. చివరికి చిన్నకొడుకు మాలిక్, తను పనిచేసే జిన్నింగు మిల్లు దగ్గర చిలకలూరిపేటలో ఒక గది చూసుకున్నాడు. నెలాఖరుకి వెళ్ళిపోతామన్నాడు.

"పోతే పోతాడు, ఎంత దూరమని? బస్సెక్కితే పేట. కానీ ఈ ఇంట్లో అన్నం ఒక్క గిన్నెలోనే ఉడికింది నాయనా, మా అత్త కాలం నుంచీ. చోటు చాలక గిన్నె రెండైందంటే నాకు నామోషీ కాదా?" అంది ఖాదర్‌బీ.

అందుకే వంటింటిని వెనక్కి పెంచాలని పట్టుబట్టింది. మేస్త్రి జక్రయ్య ముందురోజే వచ్చి, టేపు పట్టి, సున్నం గీతలు పోసి వెళ్ళాడు. గీతకు మోచెయ్యి తగలదు కాబట్టి ఎంత చోటున్నదీ తెలియదని ఆవిడ వాదన. చుట్టూ పరుపులు నిలబెట్టించి, ద్వారానికి ఒకచోట వదిలి, లోపల బల్ల మీద గ్యాసు పొయ్యి పెట్టించింది. ఆ పూట వంట అక్కడే చేయమని కోడళ్ళిద్దరికీ చెప్పింది.

దాల్చా ఒకవైపు, వంకాయ కూర ఒకవైపు. ఎండుమిర్చి తాలింపు ఘాటుకు పెరడంతా దగ్గింది. సిద్దికా అటు తిరిగితే నజ్మీన్ ఇటు తిరిగింది. ఒకరికొకరు అడ్డు రాలేదు.

"ఏమ్మా నజ్మీనూ, ఇవాళ నీ మోచెయ్యి నా డొక్కలో పొడవలేదేంది? ఒంట్లో బాగుందా?" అంది సిద్దికా.

"నువ్వు ఇవాళ నా కాలు తొక్కలేదుగా అక్కా. బాకీ తీరిపోయింది," అంది నజ్మీన్.

ఖాదర్‌బీ నా వైపు తిరిగి కళ్ళెగరేసింది. ఆ ముఖం చూడాలి! ఇల్లు కట్టేసి గృహప్రవేశం కూడా చేసేసినంత ధీమా.

అన్నం వార్చే వేళకు జక్రయ్య వచ్చాడు. పరుపుల చుట్టూ ఒకసారి తిరిగి, వంగి నేల చూసి, నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అక్కా, నీ గోడలు నడిచినై!"

అందరం చూశాం. సున్నం గీత లోపలే ఉంది. పరుపులు దాన్ని వదిలేసి జానెడుకు పైగా బయటికి జరిగిపోయాయి. కోడళ్ళు తిరుగుతూ నడుముతోనో భుజంతోనో నెట్టినప్పుడల్లా దూది ఒదిగింది, చుట్ట పక్కకు జరిగింది. ఎవరూ గమనించలేదు.

"ఇటుక గోడ ఇట్టా జరగదక్కా. డొక్కలో పొడుచుద్ది," అన్నాడు జక్రయ్య.

ఖాదర్‌బీ ముఖంలో నవ్వు పోయింది. నజ్మీన్ గరిటె పక్కన పెట్టి తల దించుకుంది. ఆ కాసేపు పేటలో గదే ఖాయమని అందరికీ అనిపించినట్టుంది.

అంతలోనే ఖాదర్‌బీ కొంగు దోపింది. "అయితే నువ్వు గీసిందే తక్కువన్నమాట. వాళ్ళు నెట్టుకున్నంత చోటు వాళ్ళకి కావాలి. ఇప్పుడు పరుపులు ఉన్నకాడే గీయవయ్యా."

"గీస్తే ఆ మూల మీరు దూది నిలవుంచే కొట్టానికి ఆనుద్ది. పొయ్యికీ దూదికీ ఒకే గోడా? నిప్పురవ్వ పడితే? నేను కట్టను."

అతను కట్టనన్నది నిజమైన భయంతోనే. వేపచెట్టు కింద బుడాన్ దారం కొరికి, సూదిని నా పరుపుకే గుచ్చి లేచాడు. కొట్టంలోకి వెళ్ళి దూది బస్తా ఒకటి భుజానికెత్తుకుని ముందు వరండా వైపు నడిచాడు.

"ఏందయ్యా అది? కొట్టం ఖాళీ చేస్తున్నావా? మీ నాయన కట్టింది!" అంది ఖాదర్‌బీ.

"దూది వరండాలో ఉంటే బేరానికొచ్చేవాళ్ళకి కనపడుద్ది," అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

ఆవిడ ఆయన వీపునే చూస్తూ నిలబడింది. తర్వాత నాతో మెల్లగా అంది: "పరుపులు కుట్టి పిల్లల్ని పెంచాం నాయనా. మా ఆయన పనికి ఈ చుట్టుపక్కల వంక పెట్టినోడు లేడు. కానీ ఇవాళ ఆయన మోసిన బస్తా ముందు అవన్నీ ఏపాటివి?"

జక్రయ్య కొత్త గీత పోశాడు. "అక్కా, వంటగట్టు ఒకటా, రెండా?" అని అడిగాడు.

"ఒకటే. పొడుగు పెంచు. మార్టూరు గ్రానైటు రాయి, జారకుండా ఉండేది చూడు."

అప్పుడు నజ్మీన్ గీత దాటి లోపలికి వచ్చింది. ఒకచోట నిలబడి చెయ్యి పైకెత్తింది.

"బాబాయ్, మసాలా డబ్బాలకి అర ఇక్కడ పెట్టండి. అక్కకి అందే ఎత్తైతే నేను నిచ్చెనెక్కాలి."

"పొట్టిదానా!" అంది సిద్దికా. కానీ తనే పసుపు ముద్ద తెచ్చి, ఆ ఎత్తు గుర్తుండేలా పరుపు చుట్ట మీద మరక పెట్టింది.

ఖాదర్‌బీ నాకు దాల్చా అన్నం పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. పరుపు మర్నాడు తీసుకెళ్దామని చేయి కడుక్కుని బండి తీస్తుంటే హ్యాండిల్ పట్టుకుంది.

"పేట మీదుగానేగా వెళ్ళేది? మిల్లు కాడ ఆగి మా మాలిక్‌ని బయటికి పిలువు. నేను ఫోను చేస్తే అమ్మ బతిమాలుతుందనుకుంటాడు. 'నీ పెళ్ళాం అర ఎక్కడ పెట్టమందో నా కళ్ళతో చూశాను' అని నువ్వు చెప్పు. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని ఇంటాయనకి ఇవాళే చెప్పమను. మర్చిపోతావేమో, ముందు అక్కడికే వెళ్ళు."