లియోటా రికాబులు

లియోటా చనిపోయాక వచ్చిన ఆగస్టులో, ఊళ్లో ఏటా జరిగే గుర్రపు స్వారీ పోటీలు, రోడియో, మొదలయ్యే ముందు ఆమె గుర్రాన్ని ఖాళీ జీనుతో బరి చుట్టూ నడిపించాలనుకున్నారు ఊరివాళ్లు. పోయినవాళ్లకు ఆ ఇసుక దిబ్బల సీమలో చేసే మర్యాద అది. "నేనే నడిపిస్తాను" అంది కూతురు మార్లిస్.

ఆ జీను లియోటాకు బహుమతిగా వచ్చినది. ఇరవై రెండో ఏట, మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని సుడిగాలిలా తిప్పే రోడియో పందెంలో గెలుచుకుంది. ఆ తర్వాత రెండేళ్లే పోటీలకు వెళ్లింది. భర్త ఎమెట్‌ను ఒక పొగరుబోతు గుర్రం విసిరికొట్టింది, తుంటి విరిగింది. ఆ మార్చిలోనే, మంచు కురుస్తుండగా, వాళ్ల మందలో నాలుగు వందల ఆవులు ఈతకు వచ్చాయి. గెలిచిన జీను మీదే కూర్చుని లియోటా మంచులో దూడలను వెతుక్కుంది. అలా నలభై ఆరేళ్లు. ట్రక్కు రేడియోలో రోడియో ఫలితాలు చదువుతుంటే మాత్రం, కంచె తీగ బిగిస్తున్న చెయ్యి ఆగిపోయేది.

"మళ్లీ వెళ్లకూడదూ?" అనేవాడు ఎమెట్.

"ఆవులకు నువ్వు పురుడు పోస్తావా? పోయినసారి దూడ నీ మొహం చూసి వెనక్కి పోయింది."

ఆమె పోయాక ఆ చలికాలమంతా మార్లిస్ అదే జీను వాడింది. తన పొడుగు కాళ్లకు సరిపడేలా, పాదాలు పెట్టుకునే రికాబుల పట్టీలు దించుకుంది. ఇప్పుడు రోడియో రేపనగా, పట్టీలను తడిపి, సబ్బుతో రుద్ది, నూనె పట్టించి, చెక్క మీద పరిచి చదును చేసింది. తోలు తేనెరంగులో మెరిసింది. జీనును గుర్రం మీద వేసి, పట్టీలను అమ్మ కొలతకు తిరిగి ఎత్తబోతే అప్పుడు తెలిసింది: నలభై ఆరేళ్లు బకిల్ కూర్చున్న చోట పడ్డ నొక్కు లేదు. తన చేత్తోనే సాపు చేసేసింది.

"నాన్నా, అమ్మ ఏ బెజ్జానికి పెట్టుకునేది?"

"నేనెప్పుడు చూశానే? ఆ జీను ముట్టుకుంటే వేళ్లు విరిచేది."

"ఇన్నేళ్లూ పక్కనే తిరిగావు కదా!"

"పక్కనెక్కడ, వెనకాల. దుమ్మంతా నా నోట్లోనేగా."

"నవ్వకు నాన్నా. రేపు అందరి ముందూ ఆ రికాబులు అమ్మ కాళ్లకు కాదు, ఎవరి కాళ్లకో అన్నట్టు వేలాడతాయి."

ఎమెట్ నవ్వు ఆగింది. చేతికర్ర గోడకు ఆనించి, గుర్రం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పొద్దున్నే కాఫీ అందించేవాణ్ణి. మహారాణి గుర్రం దిగేది కాదు. చల్లారితే రికాబులో ఉన్న బూటు కొసతోనే ఇక్కడ పొడిచేది." తొడ మీద, విరిగిన తుంటికి జానెడు కింద, అరచెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

మార్లిస్ రికాబును ఆ చేతి ఎత్తుకు లేపింది. అయితే విరిగిన ఆ తుంటి ఏళ్ల తరబడి కుంగుతూ వచ్చింది. ఆ రోజుల్లో కాఫీ అందించిన మనిషి ఇంతకంటే రెండంగుళాలు ఎత్తు. ఆమె వేళ్లు పై బెజ్జం దాకా వెళ్లాయి.

"ఇక్కడేనా నాన్నా?"

"ఇక్కడే."

వేళ్లు వెనక్కి వచ్చాయి. ఆయన చెప్పిన చోటే బిగించింది.

అయినా ఎమెట్ కదల్లేదు, కళ్లు తెరవలేదు.

"గుర్రాన్ని కొంచెం ఇటు జరపమ్మా" అన్నాడు.

మార్లిస్ భుజంతో నెట్టింది. గుర్రం ఒక్క అడుగు వేసింది. ఖాళీ రికాబు వచ్చి ఆయన తొడకు తగిలింది.