పెద్దబాపు నడిపిన విమానం

ఆ రోజుల్లో విమానం నడపడమంటే చేతులకూ కళ్లకూ సంబంధించిన పని అనుకునేవాణ్ణి. నోటితో కూడా పని పడుతుందని ఎవరూ చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల షాపు, కొత్తపేటలో ఇల్లు, రెండింటికీ పెద్దదిక్కు మా నాన్నకు అన్న, అంటే మా పెద్దబాపు. ఆయన ఎదుట నిలబడి ‘ఇది తప్పు’ అన్నవాళ్లు మా ఇంట్లో లేరు. చెప్పక తప్పనప్పుడు ఆయన వినేలా పెద్దమ్మతో చెప్పేవాళ్లం. “పెద్దమ్మా, షాపు షట్టర్ సగమే పడ్డదట” అని హాల్లో గట్టిగా అంటే, పక్కనే పేపరు చదువుతున్న ఆయన లేచి చెప్పులు వేసుకునేవాడు. (వంటింట్లోంచి పెద్దమ్మ “నాకెందుకు చెప్తున్నవ్‌రా” అని ఒక్కసారీ అనలేదు. ఆమెకూ అలవాటే.)

ఈ పద్ధతి సిమ్యులేటర్‌లో, అంటే పైలట్ శిక్షణలో మేం నేర్చుకునే ఉత్తుత్తి విమానంలో, పనికిరాలేదు. ఆ రోజు కోపైలట్‌గా నాకు పరీక్ష. పక్కన కెప్టెన్‌గా కూర్చున్న పెద్దాయన నన్ను పరీక్షించడానికే చక్రాలు దించకుండా రన్‌వే మీదికి దిగిపోతున్నారు. నేను చూశాను. చూసి, అలవాటు కొద్దీ పెద్దమ్మ కోసం అటూ ఇటూ వెతికి, ఎవరూ లేక కిటికీతో “చక్రాలు దించితే మంచిదంటారు” అన్నాను. కిటికీ ఏం చేస్తుంది పాపం? విమానం పొట్టతో నేలను రాసుకుంటూ ఆగాం. శిక్షణ ఇచ్చే మేడమ్ (రాజమండ్రి ఆవిడ) నవ్వలేదు. “ఆయన్ని తప్పుపట్టమనట్లేదు బాబూ, నీ కళ్లకి కనబడింది ఆయనకే చెప్పమంటున్నాను. ఇంట్లో ఎవరి ముందు నీకు నోరు పెగలదో వాళ్లని కెప్టెన్ని చేసి అలవాటు చేసుకో. ఇంకొక్క అవకాశమే ఉంది” అన్నారు. అదీ పోతే నా ఆకాశం పోయినట్టే. నిజంగా భయం వేసింది.

సాయంత్రం డాబా మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. చక్రాలు దించే మీటగా ఒక గొడుగు. పెద్దబాపు “ఏందిరా గిది” అంటూనే కూర్చున్నాడు, కూర్చున్నాక లేవలేదు. దూరంగా మెట్రో పోతోంది, ఎల్బీనగర్ వైపు దీపాలు వెలుగుతున్నాయి. ఆయన కళ్లు సగం మూసి, “గిప్పుడు బాటసింగారం దాటినం... గదో, పోచంపల్లి. మా అమ్మ ఎర్ర నూలు ఆరేస్తున్నది” అన్నాడు. అది వాళ్ల సొంతూరు, వాళ్లమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది; అయినా ఆ ఎరుపు నాకూ కనిపించినట్టే అయింది. “దిగుతున్న” అన్నాడు మెల్లగా. గొడుగు కదల్లేదు. అంత హాయిగా పోతున్న మనిషిని ఎలా ఆపడం? మెట్ల దగ్గర పెద్దమ్మ టీ కప్పులతో నిలబడి ఉంది. ‘పెద్దమ్మా’ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

“పెద్దబాపూ, చక్రాలు దించలే. దిగొద్దు, మల్ల పైకి లేపు.”

ఆయన కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులతో గాలిని పైకి లాగి, “లేపిన. ఇంకేమన్న మర్చిపోయిన్నా?” అన్నాడు.

పరీక్ష గట్టెక్కాను. ఇప్పుడు నేనే కెప్టెన్ని. మొన్న మబ్బుల మధ్య ఏదో లోకంలో ఉండగా, పక్కనున్న కొత్త కోపైలట్ అమ్మాయి “సార్, కంట్రోల్ టవర్ వాళ్లు ఇంకా పైనే ఉండమన్నారు, మనం దిగుతున్నాం” అంది. ఒక్క క్షణం పెద్దబాపు చూపే నా మొహంలోకి వచ్చి ఉంటుంది. సరిచేసి, “ఇంకేమన్న మర్చిపోయిన్నా?” అని అడిగాను. కిటికీతో మాట్లాడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. డాబా మీద పెద్దబాపు కుర్చీ ఖాళీ అయి చాలా కాలమైంది. ఆ సాయంత్రం నేను చెప్పింది సరైనదే. కానీ వాళ్లమ్మ దగ్గర దిగబోతున్న మనిషిని పైకి లేపేశానే అని మాత్రం కొంచెం దిగులు.